హార్బర్‌కి బెర్తులు, కంప్యూటర్‌కి పోర్ట్ నంబర్లు: ఏది ఎందుకు, ఏది మూసి ఉంచాలి?

విశాఖలో పుట్టినోళ్లకి పోర్టు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. వన్‌టౌన్‌లో దర్గా కొండ ఎక్కి ఇషాక్ మదీనా దర్గా దగ్గర నిలబడితే, ఓడలు లోపలికి వచ్చే దారి కళ్ల ముందే ఉంటుంది. 1933లో మొదలైన ఈ హార్బర్‌లో ఓడ వచ్చి ఎక్కడ పడితే అక్కడ ఆగదు. ప్రతి బెర్తుకీ ఒక గుర్తు ఉంటుంది. ఈస్ట్ క్వే అయితే ఈక్యూ, వెస్ట్ క్వే అయితే డబ్ల్యూక్యూ, పక్కన నంబర్. ఖనిజం ఓడ ఒకచోట, ఆయిల్ ట్యాంకర్ ఇంకోచోట, కంటైనర్ల ఓడ మరోచోట ఆగుతాయి.

కంప్యూటర్‌లో కూడా పోర్టులు ఉంటాయి. అవి కంటికి కనిపించవు, నంబర్లు మాత్రమే. కానీ పని మాత్రం ఇదే. వచ్చిన సరుకు ఏ బెర్తు దగ్గర దిగాలో చెప్పడం.

ఈ నంబర్ల సంగతి నేను పుస్తకంలో నేర్చుకోలేదు. బీకాం అయ్యాక, రిపోర్టింగ్‌లోకి రాకముందు, గాజువాక వైపు ఒక ఐరన్ వ్యాపారి దగ్గర కొన్నాళ్లు లెక్కలు చూశాను. ఒక సోమవారం పొద్దున్న కంప్యూటర్ ఆన్ చేస్తే ట్యాలీ తెరుచుకోలేదు. ఫైళ్లన్నిటి పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు. డెస్క్‌టాప్ మీద ఒక నోట్: బిట్‌కాయిన్ కడితే ఫైళ్లు తిరిగిస్తాం అని. బ్యాకప్ ఉంది కదా అనుకున్నాం. ఆ పెన్‌డ్రైవ్ కూడా అదే కంప్యూటర్‌కి పెట్టి ఉంది, అదీ పోయింది. 20వ తేదీకి జీఎస్టీ రిటర్న్ వేయాలి. కాగితం బిల్లులు ముందేసుకుని రాత్రిళ్లు కూర్చుని మళ్లీ ఎక్కించాం.

తర్వాత తెలిసిన కుర్రాడొకరు వచ్చి రౌటర్ చూసి చెప్పాడు: "అన్నా, 3389 బయటికి తెరిచి ఉంది." ఇంటి నుంచి లెక్కలు చూసుకోడానికి ఎప్పుడో ఎవరో తెరిచారు. పాస్‌వర్డ్ షాపు పేరు, పక్కన 123. మా సేఠ్ ఒకటే అడిగారు: "ఈ నంబర్ ఎవరు తెరిచారు?" ఎవరికీ తెలియదు.

ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే. షాపు, ఆఫీసు, ఇంటర్నెట్ సెంటర్, మసీదు కమిటీ, ఎవరైనా సరే, తమ దగ్గర ఏ నంబర్ తెరిచి ఉందో, ఎందుకు తెరిచి ఉందో తెలుసుకోవాలి. నెట్‌వర్కింగ్ కోర్సు చేస్తున్న పిల్లలకి ఇంటర్వ్యూలో కూడా ఇవే అడుగుతారు.

పోర్ట్ అంటే ఏమిటి?

ఇంటర్నెట్‌లో ప్రతి కంప్యూటర్‌కీ ఒక ఐపీ అడ్రస్ ఉంటుంది. అది హార్బర్ అడ్రస్ లాంటిది. కానీ ఒకే కంప్యూటర్‌లో ఒకేసారి వెబ్‌సైట్, మెయిల్, వీడియో కాల్, ట్యాలీ అన్నీ నడుస్తాయి. వచ్చిన డేటా వీటిలో దేనికి చెందింది? అది చెప్పేదే పోర్ట్ నంబర్. దిగాక ఆ రెండు ప్రోగ్రాములు ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలో చెప్పేది ప్రోటోకాల్.

పోర్ట్ నంబర్‌కి 16 బిట్లు కేటాయించారు. అంటే 0 నుంచి 65535 వరకు నంబర్లు ఉంటాయి. వీటి పట్టికను చూసే సంస్థ పేరు ఐయానా. అంతకుముందు చాలా ఏళ్లు అమెరికాకు చెందిన జాన్ పోస్టెల్ ఈ నంబర్ల బాధ్యత చూశారు. ఆయన 1998లో చనిపోయారు.

నంబర్లు మూడు భాగాలు:

0 నుంచి 1023: అందరికీ తెలిసిన సర్వీసులవి. వెబ్, మెయిల్ లాంటివి ఇక్కడే.
1024 నుంచి 49151: కంపెనీలు, సాఫ్ట్‌వేర్లు నమోదు చేయించుకునేవి.
49152 నుంచి 65535: తాత్కాలికం. మీ బ్రౌజర్ ఒక సైట్ తెరిచినప్పుడు మీ వైపు ఇలాంటి పెద్ద నంబర్ ఒకటి తీసుకుని, పని అయ్యాక వదిలేస్తుంది. విండోస్ మామూలుగా ఈ భాగం నుంచే తీసుకుంటుంది.

అంటే మీరు బ్యాంకు సైట్ తెరిస్తే బ్యాంకు వైపు 443, మీ వైపు ఉదాహరణకి 51324. ఒక్క కనెక్షన్‌కి రెండు వైపులా రెండు నంబర్లు. సర్వర్ వైపు నంబర్ అందరికీ ముందే తెలియాలి, అందుకే అది మారదు.

టీసీపీ, యూడీపీ తేడా

పోర్ట్ నంబర్ పక్కన ఎప్పుడూ టీసీపీ అనో యూడీపీ అనో ఉంటుంది.

టీసీపీ మనం ఒకరినొకరు పలకరించుకున్నట్టు మొదలవుతుంది. ఇటు నుంచి సలాం, అటు నుంచి సలాంకి జవాబు, ఆ జవాబు అందిందని ఇటు నుంచి తలూపడం. ఆ మూడూ అయ్యాకే అసలు మాట. పంపిన ప్రతి ముక్కా అందిందా లేదా చూస్తుంది, అందకపోతే మళ్లీ పంపుతుంది. వెబ్, మెయిల్, ఫైళ్లకి ఇదే వాడతారు.

యూడీపీ మైకులో అనౌన్స్‌మెంట్ లాంటిది. చెప్పేసి ఊరుకుంటుంది. విన్నారా లేదా చూడదు. కానీ వేగం. కాల్స్, లైవ్ వీడియో, పేర్ల వెతుకులాట లాంటి వాటికి సరిపోతుంది.

టీసీపీ 80, యూడీపీ 80 వేర్వేరు. నంబర్ ఒకటే అయినా తలుపులు రెండు.

రోజూ వాడే నంబర్లు

20, 21 – ఎఫ్‌టీపీ. ఫైళ్లు పంపడానికి పాత పద్ధతి. 21లో మాటలు, 20లో సరుకు. పాస్‌వర్డ్ కూడా తెరిచిన ఉత్తరంలా వెళ్తుంది. ఇప్పుడు కొత్తగా ఎవరూ పెట్టకూడదు.

22 – ఎస్ఎస్‌హెచ్. సర్వర్‌ని దూరం నుంచి భద్రంగా నడపడానికి. 1995లో ఫిన్‌లాండ్‌కి చెందిన టాటు యులోనెన్ తయారు చేశారు. ఎఫ్‌టీపీ 21కీ, టెల్‌నెట్ 23కీ మధ్య 22 ఖాళీగా ఉండటం చూసి, ఆ నంబర్ కావాలని మెయిల్ పెట్టి అడిగి తీసుకున్నారు.

23 – టెల్‌నెట్. ఎస్ఎస్‌హెచ్ చేసే పనే, కానీ ఏ రక్షణా లేకుండా. మూసేయాల్సిన వాటిలో మొదటిది.

25, 465, 587 – ఎస్ఎంటీపీ. మెయిల్ పంపడానికి. సర్వర్ నుంచి సర్వర్‌కి 25. మన అవుట్‌లుక్ నుంచి పంపేటప్పుడు 587 లేదా 465.

110, 995 – పాప్ 3. 143, 993 – ఐమ్యాప్. మెయిల్ తెచ్చుకోడానికి. పాప్ 3 మామూలుగా మెయిల్‌ని కంప్యూటర్‌కి దించేస్తుంది. ఐమ్యాప్‌లో మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది కాబట్టి ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకేలా కనిపిస్తుంది. రెండో నంబర్లు 995, 993 రక్షణతో ఉన్నవి, అవే వాడాలి.

53 – డీఎన్ఎస్. సైట్ పేరు కొడితే దాని ఐపీ అడ్రస్ చెప్పేది. ఎక్కువగా యూడీపీ, జవాబు పెద్దదైతే టీసీపీ. ఇది ఆగిపోతే నెట్ ఉన్నా ఏ సైటూ తెరుచుకోదు.

67, 68 – డీహెచ్‌సీపీ. వైఫైకి కలవగానే మీ ఫోన్‌కి ఐపీ అడ్రస్ ఇచ్చేది.

80 – హెచ్‌టీటీపీ. తాళం లేని వెబ్. 443 – హెచ్‌టీటీపీఎస్. తాళం ఉన్న వెబ్. ఐస్‌గేట్‌లో కస్టమ్స్ కాగితాలు వేసినా, జీఎస్టీ కట్టినా, యూట్యూబ్ చూసినా అన్నీ 443 మీదే. 2022లో ప్రమాణంగా వచ్చిన హెచ్‌టీటీపీ 3 మాత్రం యూడీపీ 443 వాడుతుంది.

123 – ఎన్‌టీపీ. గడియారం సరిచేసేది. కంప్యూటర్‌లో తేదీ తప్పైతే బ్యాంకు సైట్లు తెరుచుకోకుండా ఎర్రర్ ఇస్తాయి, కారణం ఇదే. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో, సంస్థలు తమ గడియారాలను ఎన్ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ సర్వర్లతో కలపాలని కూడా ఉంది.

5060, 5061 – సిప్. ఇంటర్నెట్ ఫోన్ కాల్స్ కోసం. ఆఫీసుల్లో ఐపీ ఫోన్లు ఎక్కువగా దీని మీదే నడుస్తాయి. యూఏఈలో ఉన్న మనవాళ్లకి వాట్సాప్ కాల్ కలవకపోవడానికి కారణం అక్కడ లైసెన్స్ లేని ఇంటర్నెట్ కాల్స్‌ని ఆపడం. అది ఒక్క నంబర్ మూసినంత సులువు కాదు. డేటా నడిచే తీరు చూసి కూడా ఆపుతారు.

షాపుల్లో, ఆఫీసుల్లో కనిపించేవి

139, 445 – ఎస్ఎంబీ. విండోస్‌లో ఫోల్డర్ షేర్ చేస్తే ఇదే.
631, 9100 – నెట్‌వర్క్ ప్రింటర్లు.
1433 – మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్. 3306 – మైఎస్‌క్యూఎల్. 5432 – పోస్ట్‌గ్రెస్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ల వెనక ఉండే డేటాబేసులు.
3389 – ఆర్‌డీపీ. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్.
4370 – జెడ్‌కేటెకో రకం వేలిముద్ర హాజరు మెషీన్లు.
554 – కెమెరాల లైవ్ వీడియో. 8000 – హిక్‌విజన్ డీవీఆర్‌లు. 37777 – దహువా డీవీఆర్‌లు.
8080 – 80కి బదులు వాడే వెబ్ నంబర్.
9000 – ట్యాలీ వేరే సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడేటప్పుడు మామూలుగా వాడేది.

ఫ్యాక్టరీల్లో ఇంకో రకం ఉంటాయి. మోటార్లు, వాల్వులు, కొలిమి ఉష్ణోగ్రతలు చూసే పీఎల్‌సీలతో మాట్లాడే మాడ్‌బస్‌కి 502, సీమెన్స్ యంత్రాలకి 102. మాడ్‌బస్ 1979 నాటిది. అప్పుడు ఆ యంత్రాలు బయటి ప్రపంచానికి కలుస్తాయని ఎవరూ అనుకోలేదు, అందుకే అందులో పాస్‌వర్డ్ అనేదే లేదు. ఎవరు ఆజ్ఞ ఇచ్చినా యంత్రం వింటుంది. స్టీలు, కెమికల్ ఫ్యాక్టరీలున్న మన ఊళ్లో ఆటోమేషన్ ఉద్యోగాలకి వెళ్లే పిల్లలు ఈ ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈ నంబర్లు ఫ్యాక్టరీ గోడ దాటకూడదు.

445: ఒక్క నంబర్ ఎంత పని చేసిందో చూడండి

2017 మే 12న వానాక్రై అనే వైరస్ బయటికొచ్చింది. విండోస్ ఫైల్ షేరింగ్‌లో ఉన్న లోపం పట్టుకుని, 445 తెరిచి ఉన్న కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి తనంతట తానే పాకింది. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు. 150కి పైగా దేశాల్లో లక్షల కంప్యూటర్లలో ఫైళ్లకి తాళం వేసి, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ అడిగింది.

మన రాష్ట్రాన్ని కూడా వదల్లేదు. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దెబ్బతిన్నట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. బాధ కలిగించే విషయం ఏమిటంటే, ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మందు ఇచ్చింది మార్చి 14న. అంటే రెండు నెలల ముందే. అప్‌డేట్ చేసినవాళ్లు బతికిపోయారు.

ఆ తర్వాత ఆరు వారాలకే, జూన్ 27న, నాట్‌పెట్యా వచ్చింది. అది మొదట దూరింది ఉక్రెయిన్‌లో పన్ను లెక్కలకి వాడే ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా. లోపలికి చేరాక 445 లాంటి దారుల్లో పాకింది. డెన్మార్క్ షిప్పింగ్ కంపెనీ మెర్స్క్ కంప్యూటర్లు కూలిపోయాయి. దాంతో ముంబై దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఆ గ్రూపు నడిపే కంటైనర్ టెర్మినల్ పనులు స్తంభించాయి. నష్టం 20 నుంచి 30 కోట్ల డాలర్లు ఉండొచ్చని మెర్స్క్ చెప్పింది. ఎక్కడో అకౌంటెంట్ కంప్యూటర్‌లో మొదలై, ఇక్కడ సముద్రం ఒడ్డున క్రేన్లు ఆగాయి. పోర్టు మీద బతికే ఊరివాళ్లం, ఇది మనకి దూరపు కథ కాదు.

23: కెమెరాలు కాపలా కాయడం మానేసి దాడికి వెళ్లాయి

2016లో మిరాయ్ అనే ప్రోగ్రామ్ ఇంటర్నెట్ అంతా తిరిగి 23, 2323 తెరిచి ఉన్న కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లు వెతికింది. కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డ్‌లు, 60కి పైగా, ఒక్కోటీ వేసి చూసింది. యజమానులు మార్చలేదు కాబట్టి తెరుచుకున్నాయి. ఆ ఏడాది అక్టోబర్ 21న ఆ కెమెరాల సైన్యంతో డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీ మీద దాడి చేశారు. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో చాలామందికి గంటల పాటు తెరుచుకోలేదు.

ఇప్పుడు మన వీధికి వద్దాం. మసీదులు, మదర్సాలు, షాదీఖానాలు, అన్నింట్లో కెమెరాలు పెడుతున్నారు. మంచిదే. కానీ ఫోన్‌లో చూసుకోడానికి రౌటర్‌లో ఏ నంబర్ తెరిచారో, డీవీఆర్ పాస్‌వర్డ్ ఏమిటో కమిటీలో ఎంతమందికి తెలుసు? పిల్లలు చదువుకునే గది, ఆడవాళ్లు కూర్చునే చోటు కెమెరాలో పడితే, ఆ దృశ్యం అమానత్. అది ఊరందరికీ కనిపించే పరిస్థితి రాకుండా చూడటం కమిటీ బాధ్యత. కెమెరా బిగించిన అబ్బాయిని ఈ రెండు సంగతులూ కాగితం మీద రాసివ్వమని అడగండి.

మీ కంప్యూటర్‌లో ఎలా చూడాలి?

విండోస్‌లో స్టార్ట్ దగ్గర సీఎండీ అని కొడితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. అందులో నెట్‌స్టాట్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, హైఫన్, దానికి ఆనుకుని ఎ, ఎన్, ఓ అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. పెద్ద పట్టిక వస్తుంది. అందులో 'లిజనింగ్' అని ఉన్న వరుసలు చూడండి. ఆ ప్రోగ్రాములు తలుపు తీసి ఎదురుచూస్తున్నాయని అర్థం.

127.0.0.1 పక్కన నంబర్ ఉంటే అది ఆ కంప్యూటర్ లోపలికే. 0.0.0.0 పక్కన ఉంటే నెట్‌వర్క్ నుంచి ఎవరైనా తలుపు తట్టొచ్చు, ఫైర్‌వాల్ ఆపితే తప్ప. చివర ఉండే సంఖ్యను టాస్క్ మేనేజర్‌లో పీఐడీ కింద వెతికితే ఆ ప్రోగ్రామ్ పేరు తెలుస్తుంది. 135, 445 లాంటివి కనిపిస్తే కంగారు పడొద్దు, విండోస్‌లో అవి మామూలే. అవి రౌటర్ దాటి బయటికి కనిపిస్తున్నాయా అన్నదే అసలు ప్రశ్న.

అందుకే రౌటర్ పేజీలోకి వెళ్లి 'పోర్ట్ ఫార్వార్డింగ్' అన్న చోట చూడండి. అక్కడ ఉన్న ప్రతి వరుసకీ ఎవరు, ఎందుకు అన్న జవాబు ఉండాలి. లేకపోతే తీసేయండి. 'యూపీఎన్‌పీ' ఆన్‌లో ఉంటే డీవీఆర్ లాంటివి మనల్ని అడక్కుండానే తలుపులు తెరుచుకుంటాయి, అది ఆపండి. స్టాటిక్ ఐపీ తీసుకున్న షాపులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే వాళ్ల అడ్రస్ మారదు.

ఎన్‌మ్యాప్ అనే ఉచిత సాధనంతో కూడా చూడొచ్చు. కానీ మీ సొంత నెట్‌వర్క్ మీదే. సరదాకి పక్కవాళ్ల సిస్టమ్‌లో దూరితే ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కింద కేసు అవుతుంది.

పొరపాటు నమ్మకాలు

"3389 బదులు ఇంకో నంబర్ పెట్టాం, ఇక భయం లేదు." వెతికే ప్రోగ్రాములు 65 వేల నంబర్లూ తట్టి చూస్తాయి. నంబర్ మార్చడం తలుపుకి రంగు మార్చడమే. ఇంటి నుంచి పని కావాలంటే ముందు వీపీఎన్ పెట్టి, దాని లోపల నుంచే రిమోట్ డెస్క్‌టాప్ వాడాలి.

"443 ఉంది, తాళం గుర్తు ఉంది, సైట్ మంచిదే." తాళం చెప్పేది దారి మధ్యలో ఎవరూ చదవలేరని మాత్రమే. అవతల కూర్చున్నది దొంగ కాదని చెప్పదు. నకిలీ బ్యాంకు సైట్లకి కూడా ఆ తాళం ఉంటుంది.

"మాది చిన్న షాపు, మమ్మల్ని ఎవరు పట్టించుకుంటారు?" మా సేఠ్ కూడా ఇదే అనేవారు. తట్టేది మనిషి కాదు, ప్రోగ్రామ్. దానికి పెద్ద షాపు, చిన్న షాపు తేడా తెలియదు.

జరిగిపోతే ఏం చేయాలి?

ముందు నెట్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి. ఫార్మాట్ కొట్టేయకండి, ఆధారాలు పోతాయి. స్క్రీన్ మీద వచ్చిన నోట్ ఫోటో తీసుకోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఏ సైబర్ నేరమైనా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. కంపెనీలైతే సెర్ట్-ఇన్‌కి 6 గంటల్లోపు తెలపాలి. బ్యాకప్ మాత్రం ముందే ఉండాలి, అదీ పని అవగానే పీకేసి బీరువాలో పెట్టే డిస్క్‌లో.

2025 అక్టోబర్ 14న గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని ప్రకటించింది. అందులో సముద్ర గర్భ కేబుళ్లు ఇక్కడికి వచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఓడలతో పాటు ప్రపంచం డేటా కూడా మన తీరానికి రాబోతోంది. ఈ పని నేర్చుకున్న పిల్లలకి ఇక్కడే అవకాశాలు రావొచ్చు. దానికి తొలి పాఠం పెద్దదేం కాదు. ఈ రోజు మీ షాపు రౌటర్ తెరిచి చూడండి. తెరిచి ఉన్న ప్రతి నంబర్ దగ్గరా మా సేఠ్ అడిగిన ప్రశ్నే అడగండి: ఇది ఎవరు తెరిచారు?